నేలే బల్ల, నేలే మంచం
(పేద పిల్లల ఇంట్లో కనిపించని సామాను గురించి ఒక పాఠం)

సంక్రాంతికీ, వేసవికీ హాస్టల్ మూసినప్పుడు మనమంతా ట్రంకు పెట్టెలు పట్టుకుని ఇళ్లకు బయలుదేరతాం. కొందరం కొవ్వూరు స్టేషన్‌లో పాసింజరు ఎక్కుతాం. కొందరం నిడదవోలు వైపో, పోలవరం వైపో బస్సు ఎక్కుతాం. మొదటి రోజు అమ్మ వండిపెట్టింది కడుపునిండా తింటాం. రెండో రోజు సెలవుల్లో చేయమని ఇచ్చిన హోంవర్కు గుర్తొచ్చి పుస్తకం తీస్తాం. అప్పుడు ఒక చిన్న ప్రశ్న ఎదురవుతుంది. ఈ పుస్తకం ఎక్కడ పెట్టుకోవాలి? ఎక్కడ కూర్చుని రాయాలి?

ఇంట్లో ఉన్న ఒక్క మంచం మీద తాతయ్య పడుకుని ఉంటాడు. ఉన్న ఒక్క ప్లాస్టిక్ కుర్చీ ఎవరైనా వస్తే వేయడానికి గోడకు ఆనించి ఉంటుంది. చాప పరిస్తే వంటకూ, చెల్లెలి ఆటకూ అడ్డం. చివరకు గడప దగ్గర బోర్లా పడుకుని రాస్తాం. పావుగంటకు మెడ లాగుతుంది, మోచేతులు మండుతాయి. "తర్వాత రాద్దాంలే" అని పుస్తకం మూస్తాం. సెలవుల తర్వాత హోంవర్కు ఎందుకు చేయలేదని మాస్టారు అడిగితే తల దించుకుంటాం. మా ఇంట్లో రాసుకోవడానికి చోటు లేదండి అని మనలో ఒక్కరం కూడా చెప్పం. అసలు అదొక కారణమని మనకే తోచదు.

పేదరికం అనగానే మనకు తిండి, బట్ట, ఇల్లు గుర్తుకొస్తాయి. ఇల్లు ఉన్నా ఆ ఇంటి లోపల ఏముంది, ఏం లేదు అన్నది ఎవరూ అడగరు. ఈ వ్యాసంలో ఆ లోపలి సంగతి చూద్దాం. మంచం, బల్ల, కుర్చీ, దీపం, పుస్తకాల గూడు లేని ఇళ్లలో పెరిగే పిల్లల గురించి, అంటే మన గురించే, కొంచెం పాఠంలా మాట్లాడుకుందాం.

సామాను అంటే ఏమిటి?

మన ఇళ్లలో "సామాన్లు తోమాలి" అంటే గిన్నెలూ చెంబులూ అని అర్థం. సామాను అంటే వంట సామానే. కుర్చీలు, బల్లలు, బీరువాల కోసం వేరే మాట మన ఇళ్లలో అవసరం పడలేదు. అందుకే పట్నం నుంచి వచ్చిన "ఫర్నిచర్" అనే మాటే వాడుకుంటున్నాం.

అలా అని మన పెద్దలకు ఏమీ లేవని కాదు. నులక మంచం, తుంగచాప, కూర్చునే పీట, ఉట్టి, దండెం, గోడలో గూడు, చిలక్కొయ్య, అటక ఇవన్నీ మన డెల్టా ఇళ్లలో ఉన్న సామానే. ఆ గూట్లో దీపం, అటక మీద ధాన్యం, దండెం మీద బట్టలు. అయితే వీటిలో చదువుకునే పిల్ల కోసం చేసినది ఒక్కటైనా ఉందేమో చూడండి. ఉండదు. ఎందుకంటే ఆ ఇళ్లలో చదువే లేదు. మనం మన ఇళ్లలో మొదటి తరం చదువరులం. మన ఇంటి సామాను పొలం పనికీ వంటకీ నిద్రకీ సరిపడేలా తయారైంది. చదువు కొత్తగా వచ్చిన చుట్టం. ఆ చుట్టానికి కూర్చోవడానికి చోటు లేదు.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. నేల మీద కూర్చోవడం, చాప మీద పడుకోవడం మన సంప్రదాయమే కదా, అందులో పేదరికం ఏముంది? మంచి ప్రశ్నే. దీనికి 1998లో నోబెల్ బహుమతి అందుకున్న ఆర్థికవేత్త అమర్త్యసేన్ చెప్పిన ఒక తేడా సమాధానం ఇస్తుంది. ఉపవాసం ఉన్నవాడూ తినలేదు, పస్తున్నవాడూ తినలేదు. చూడటానికి ఇద్దరి కడుపూ ఖాళీయే. కానీ ఉపవాసం ఉన్నవాడు కావాలంటే తినగలడు, పస్తున్నవాడు తినలేడు. మంచం ఉండి చల్లగా ఉంటుందని నేల మీద పడుకున్నవాడికీ, మంచం లేక వానాకాలం తడినేల మీద పడుకున్నవాడికీ ఉన్న తేడా అదే. జపానులో కూడా చాపల మీదే కూర్చుంటారు, కానీ ఎదురుగా పొట్టి బల్ల ఉంటుంది. నేల మీద కూర్చోవడం తప్పు కాదు. వేరే దారి లేకపోవడమే పేదరికం.

ఇంకో సంగతి. ఏది అవసరం, ఏది విలాసం అన్నది కాలంతో మారుతుంది. 1776లో అచ్చయిన పుస్తకంలో ఆడం స్మిత్ తన కాలపు ఐరోపాలో చాలా చోట్ల నార చొక్కా లేకుండా కూలివాడు నలుగురిలోకి రావడానికి సిగ్గుపడతాడనీ, కాబట్టి అది అవసరమే అవుతుందనీ వాదించాడు. మన తాతలకు రాత బల్ల అవసరం కాదు. రోజుకు నాలుగు గంటలు రాయాల్సిన పదో తరగతి పిల్లవాడికి అది అవసరమే.

ఇంట్లో ఉన్న మంచం ఎవరిది?

మన గోదావరి జిల్లాల్లో మంచం, పరుపు, బీరువా ఎలా వస్తాయో అందరికీ తెలుసు. ఆడపిల్ల పెళ్లికి సారెతో వస్తాయి. అప్పో సప్పో చేసి పుట్టింటివాళ్లు ఇస్తారు. కాబట్టి అవి ఆలుమగల పేరు మీద వచ్చిన వస్తువులు. తర్వాత పెద్దవాళ్లు మంచాన పడితే ఆ మంచం వాళ్లకు వెళుతుంది. కష్టం వస్తే మొదట అమ్ముడుపోయేవి కూడా అవే.

కుర్చీ సంగతి ఇంకోలా ఉంటుంది. అది ఇంటివాళ్ల కోసం కాదు, వచ్చినవాళ్ల కోసం. మేస్త్రీ గారు వచ్చినా, డ్వాక్రా లెక్కలు చూసే ఆవిడ వచ్చినా, పాస్టరు గారు వచ్చినా కుర్చీ తుడిచి వేస్తాం. ఇంట్లో పిల్లవాడు అందులో కూర్చుని రాసుకుంటుంటే "లేరా, మావయ్య వచ్చాడు" అంటారు. ఎవరి తప్పూ లేదు. ఉన్నది ఒక్కటే.

ఆడపిల్లల పరిస్థితి ఇంకా ఇబ్బంది. అన్నకో తమ్ముడికో గడప దగ్గర వెలుతురైనా దొరుకుతుంది. చెల్లెలు అంట్లు తోమి, నీళ్లు పట్టి, పొయ్యి దగ్గర పని అయ్యాక పుస్తకం తీసేసరికి అందరూ చాపలు పరిచేసి ఉంటారు. అప్పుడు లైటు వేసి ఉంచితే పొద్దున్నే కూలికి వెళ్లాల్సిన నాన్నకు నిద్ర పట్టదు. ఒకే గదిలో అందరూ పడుకునే ఇంట్లో ఒకరి చదువు ఇంకొకరి నిద్రను పాడు చేస్తుంది. ఈ తగవులో ప్రతిసారీ ఓడిపోయేది పుస్తకమే.

"దుప్పటి ఉన్నంత మేరకే కాళ్లు చాపుకోవాలి" అని మన పెద్దలు చెబుతారు. మంచి మాటే. కానీ దుప్పటి ఎందుకు పొట్టిదైందో కూడా ఒకసారి అడగాలి కదా.

లెక్కల్లో ఇల్లు కనిపిస్తుంది, పిల్లలు కనిపించరు

ఇంటి సామాను గురించి ప్రభుత్వం లెక్కలు తీయదా? తీస్తుంది. ఎలా తీస్తుందో తెలుసుకోవడమే ఈ పాఠంలో ముఖ్యమైన భాగం.

2011 జనాభా లెక్కల్లో ఇంటింటికీ తిరిగి రేడియో, టీవీ, కంప్యూటరు, ఫోను, సైకిలు, స్కూటరు, కారు ఉన్నాయా అని అడిగారు. మంచం, బల్ల, కుర్చీ ఆ జాబితాలో లేవు. 2021లో నీతి ఆయోగ్ ప్రకటించిన బహుముఖ పేదరిక సూచీలో 12 అంశాలు ఉన్నాయి. అందులో ఆస్తుల కింద సైకిలు, ఫ్రిజ్, టీవీ వంటివి ఉన్నాయి. ఇంటి నేల ఎలాంటిదో కూడా చూస్తారు. కానీ రాసుకునే బల్ల గురించి అందులో లేదు.

మంచం, పరుపు, కుర్చీ, బల్ల గురించి నేరుగా అడిగేది జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే. 1992-93లో మొదలైన ఈ సర్వే ఐదో విడత 2019-21లో జరిగింది. ఇంట్లో ఉన్న వస్తువులను బట్టి ఆ ఇంటి ఆర్థిక స్థాయిని ఐదు మెట్లుగా విడగొడతారు. మంచిదే. కానీ ప్రశ్న ఏమిటంటే "మీ ఇంట్లో మంచం ఉందా?" అని. ఏడుగురున్న ఇంట్లో ఒక మంచం ఉన్నా జవాబు "ఉంది" అనే. తాతయ్య మంచం మీద, మిగతా ఆరుగురూ నేల మీద పడుకున్నా ఆ ఇల్లు మంచం ఉన్న ఇల్లే. కుర్చీ ఉంటే కుర్చీ ఉన్న ఇల్లే, అది ఎప్పుడూ గోడకు ఆనించే ఉన్నా సరే.

అంటే లెక్క ఇంటికి వేస్తున్నారు, పిల్లకు వేయడం లేదు.

ఇతర దేశాల్లో ఈ ప్రశ్నను మరో విధంగా అడిగిన సందర్భం ఉంది. 2012లో యూనిసెఫ్ సంస్థ ఐరోపా దేశాల పిల్లల పేదరికం మీద ఒక నివేదిక తెచ్చింది. అందులో పిల్లలకు తప్పక ఉండాల్సిన 14 అంశాల జాబితా ఉంది. మూడు పూటల తిండి, కాలికి సరిపడే రెండు జతల బూట్లు వంటి వాటి సరసన, హోంవర్కు చేసుకోవడానికి తగినంత చోటూ వెలుతురూ ఉన్న ప్రశాంతమైన స్థలం కూడా ఒక అంశంగా చేర్చారు. 14లో ఏ రెండు లేకపోయినా ఆ బిడ్డను లేమిలో ఉన్నట్టే లెక్కవేశారు. ప్రశ్న ఇంటి గురించి కాదు, బిడ్డ గురించి.

ధనిక దేశమైన అమెరికాలోనూ మంచం లేని పిల్లలు ఉన్నారు. 2012లో ఐడాహో రాష్ట్రంలో ఒక కుటుంబం తమ గ్యారేజీలో చెక్కలు కోసి పిల్లల మంచాలు చేయడం మొదలుపెట్టింది. అదే స్లీప్ ఇన్ హెవెన్లీ పీస్ అనే సంస్థగా ఎదిగి ఊరూరా స్వచ్ఛంద కార్యకర్తలతో మంచాలు చేయించి పంచుతోంది. కాబట్టి ఇది మన ఒక్కరి సిగ్గు కాదు. దాచుకోవాల్సిన విషయం అంతకన్నా కాదు.

నేల వల్ల వచ్చే నష్టం

మంచం సుఖం కోసమని చాలామంది అనుకుంటారు. మన ప్రాంతంలో మంచం ప్రాణం కోసం కూడా.

2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటు వల్ల సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. చనిపోయినవారిలో నాలుగో వంతుకు పైగా 15 ఏళ్ల లోపు పిల్లలు. సగం మరణాలు వానాకాలంలోనే. ఎక్కువ బరువు మోస్తున్న ఎనిమిది రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. నేల మీద పడుకున్నవారిని నిద్రలోనే కరుస్తుంది. దాని కాటు పెద్దగా నొప్పి పెట్టదు, గాటు కూడా సరిగ్గా కనిపించదు. తెల్లారేసరికి కడుపునొప్పి అనో, కళ్లు మూతలు పడుతున్నాయనో అంటారు. అప్పటికే ఆలస్యమైపోతుంది. నేలకు అడుగున్నర ఎత్తున ఒక మంచం, చుట్టూ దోపిన దోమతెర ఉంటే ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది. 2018 ఆగస్టులో కృష్ణా డెల్టాలోని దివిసీమలో పాముకాట్లు విపరీతంగా పెరిగి పేపర్లన్నిటిలో వచ్చిన సంగతి పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. కాలవ గట్ల మీద, వరి చేల పక్కన ఉండే మన పేటలకు ఆ పాఠం కొత్త కాదు.

నేల సంగతి కూడా చూద్దాం. మెక్సికో దేశంలో 2000లో మట్టి నేలల ఇళ్లకు సిమెంటు నేల వేసే పథకం మొదలుపెట్టారు. దాన్ని పరిశీలించిన ఆర్థికవేత్తలు 2009లో ఫలితాలు ప్రకటించారు. మట్టి నేల పూర్తిగా పోయి సిమెంటు నేల వచ్చిన ఇళ్లలో చిన్నపిల్లల కడుపులో పురుగుల బాధ 78 శాతం, విరేచనాలు 49 శాతం, రక్తహీనత 81 శాతం తగ్గాయని వారి లెక్క. పిల్లల ఎదుగుదల పరీక్షల్లో కూడా మెరుగుదల కనిపించింది. తింటున్నదీ, ఆడుతున్నదీ, పడుకుంటున్నదీ నేల మీదే అయినప్పుడు నేల బాగుంటే ఇంత తేడా వస్తుంది.

మూడోది వరద. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి నీరు ప్రవహించింది. 2006 ఆగస్టులోనూ, 2022 జూలైలోనూ గోదావరి మళ్లీ భయపెట్టింది. 2022లో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. లంకల్లో, ఏటిగట్టు దిగువన ఉన్న ఇళ్లలోకి నీరు వచ్చినప్పుడు మొదట తడిసేవి నేల మీద ఉన్నవే. బియ్యం అటక ఎక్కుతాయి, పుస్తకాలు గోడవారనే ఉండిపోతాయి. టీసీ, కుల ధ్రువీకరణ పత్రం, మార్కుల లిస్టు ఒక్కసారి తడిసి అతుక్కుపోతే వాటి నకళ్ల కోసం ఆఫీసుల చుట్టూ ఎన్ని రోజులు తిరగాలో మనలో చాలామందికి తెలుసు. గోడకు నాలుగడుగుల ఎత్తున ఒక చెక్క కొట్టి ఉంటే ఆ తిరుగుడు తప్పేది.

గోనెపట్టా పాఠం

కూర్చునే చోటు వెనక ఇంకో సంగతి ఉంది. అది గౌరవం.

డాక్టర్ బాబాసాహెబ్ అంబేద్కర్ తన చిన్ననాటి అనుభవాలను "వెయిటింగ్ ఫర్ ఎ వీసా" అనే చిన్న రచనలో చెప్పుకున్నారు. బడిలో ఆయన మిగతా పిల్లలతో కలిసి కూర్చోకూడదు. ఒక మూలన వేరుగా కూర్చోవాలి. కూర్చోవడానికి గోనెపట్టా ఆయనే ఇంటి నుంచి తెచ్చుకోవాలి, సాయంత్రం తిరిగి ఇంటికి తీసుకుపోవాలి. బడి ఊడ్చే మనిషి కూడా ఆ పట్టాను ముట్టుకోడు. తర్వాత వారి కుటుంబం బొంబాయిలో పరేలు ప్రాంతంలో ఒకే గదిలో కాపురం ఉంది. ఆ ఇరుకులో అందరూ నిద్రపోయాక, రాత్రి రెండు గంటలకు లేచి కిరసనాయిలు దీపం దగ్గర చదువుకునేవారని ఆయన జీవిత చరిత్రల్లో చదువుతాం.

ఈ కథను మనం ప్రతి ఏప్రిల్ 14న చెప్పుకుంటాం. "అంబేద్కర్ అంత కష్టపడి చదివారు, మీకేం తక్కువ?" అని సభల్లో అంటారు. మేము మాత్రం ఆ కథను ఇంకోలా అర్థం చేసుకోవాలంటున్నాం. ఆయన గోనెపట్టా మీద కూర్చుని గొప్పవాడైనాడు కాబట్టి మనకూ గోనెపట్టా చాలని కాదు. ఇంకే బిడ్డా గోనెపట్టా మోసుకుని బడికి వెళ్లకూడదనే ఆయన జీవితమంతా పోరాడారు.

మన పల్లెల్లో కూడా పెద్దకులాలవారు దారిన పోతుంటే మన తాతలు సొంత ఇంటి ముందు వేసుకున్న సొంత మంచం మీద నుంచి లేచి నిలబడాల్సి వచ్చేది. మంచం కొనుక్కునే డబ్బు ఉన్నా దాని మీద కూర్చునే హక్కు లేని కాలం అది. 1991లో గుంటూరు జిల్లా చుండూరులో సినిమా హాలులో కూర్చున్న చోట కాలు తగిలిందన్న తగవు పెరిగి పెరిగి, ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల హత్యల దాకా వెళ్లింది. ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది మన సమాజంలో చిన్న విషయం ఎప్పుడూ కాదు. కాబట్టి మన బిడ్డకు ఒక బల్ల, ఒక కుర్చీ కావాలని అడగడం గొంతెమ్మ కోరిక కానే కాదు.

హాస్టల్ ఇచ్చిందేమిటి?

హాస్టల్లో చేరిన రోజు మనకు ట్రంకు పెట్టె, ప్లేటు, గ్లాసు, దుప్పటి ఇస్తారు. ఆ రేకు పెట్టె మీద పెయింటుతో మన పేరు రాసుకుంటాం. తాళం వేసి తాళంచెవి మొలతాడుకు కట్టుకుంటాం. చాలామందికి పుట్టి బుద్ధెరిగాక "ఇది నాది" అని చెప్పుకోగల మొదటి సామాను అదే. అదే బీరువా, అదే పుస్తకాల గూడు, స్టడీ అవర్‌లో అదే బల్ల. దాని ముందు మఠం వేసుకుని, మూత మీద ఎగ్జామ్ ప్యాడు పెట్టుకుని రాసిన రాతలే మనల్ని ఇంతవరకు తెచ్చాయి. పీజీ చదువుతున్నవారు, ఉద్యోగాలు చేస్తున్నవారు కూడా ఆ పెట్టెను పారేయలేదంటే కారణం ఇదే.

అయితే ట్రంకు పెట్టెతో సరిపెట్టుకోవాలని ప్రభుత్వ నిబంధనలు కూడా చెప్పలేదు. ఎస్సీ విద్యార్థుల హాస్టళ్ల నిర్మాణానికి కేంద్రం బాబూ జగ్జీవన్‌రామ్ ఛాత్రావాస్ యోజన అనే పథకం నడిపింది. ఆ పథకంలో భవనానికి ఇచ్చే సాయం కాక, ప్రతి విద్యార్థికి ఒక మంచం, ఒక బల్ల, ఒక కుర్చీ సమకూర్చడానికి తలకు 2,500 రూపాయలు ఒక్కసారి ఇచ్చే గ్రాంటుగా పెట్టారు. 2021-22 నుంచి ఆ పథకం పీఎం అజయ్ అనే పెద్ద పథకంలో కలిసింది. ఇక్కడ మనం గమనించాల్సింది డబ్బు కన్నా ఆ మాట. "హాస్టల్‌కు మంచాలు" అనలేదు. "ప్రతి విద్యార్థికి" అన్నారు. ఇంతకు ముందు చెప్పుకున్న లెక్క ఇదే. ఇంటికి కాదు, హాస్టల్‌కు కాదు, పిల్లకు లెక్క వేయాలి.

బడుల్లోనూ కొంత మార్పు వచ్చింది. 2019 నవంబరు 14న మన రాష్ట్రంలో మొదలైన నాడు-నేడు కార్యక్రమంలో బడికి కల్పించాల్సిన తొమ్మిది వసతుల్లో ఫర్నిచర్ కూడా ఒకటిగా ఉంది. మొదటి విడతలో 15,715 బడులను తీసుకున్నారు. నేల మీద కూర్చుని చదివిన మన అన్నలు తమ ఊరి బడిలో ఇద్దరు కూర్చునే డెస్కులు చూసి సంతోషపడ్డారు.

బడిలో బెంచీ వచ్చింది, హాస్టల్లో ఎంతో కొంత వచ్చింది. ఇంట్లో మాత్రం ఏమీ మారలేదు. ఇది 2020లో బాగా తెలిసివచ్చింది. మార్చిలో లాక్‌డౌన్ పెట్టి బడులూ హాస్టళ్లూ మూసేశారు. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చాయి, ఫోనుల్లో పాఠాలు వచ్చాయి. ఫోను లేదు, సిగ్నలు లేదు అని అందరూ రాశారు. ఫోను ఉన్న ఇంట్లో కూడా ఆ ఫోను ఆనించడానికీ, నోట్సు రాసుకోవడానికీ చోటు లేదని ఎవరూ రాయలేదు. సొంత ఇళ్లు కట్టించే పథకాలదీ అదే తీరు. 2016లో మొదలైన గ్రామీణ ఆవాస్ యోజనలో ఇంటి కనీస వైశాల్యం వంటగదితో కలిపి 25 చదరపు మీటర్లు, అంటే సుమారు 270 చదరపు అడుగులు. గోడలు లేచాయి, కప్పు పడింది. చాలా సంతోషం. కానీ ఆ గోడకు పుస్తకాల కోసం ఒక గూడు పెట్టాలని ఎవరికీ తట్టలేదు.

మనం చేయగలిగింది

సమస్య చెప్పి ఊరుకుంటే పాఠం పూర్తి కాదు. మన చేతుల్లో ఉన్నవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, రాత డెస్కు. మన దగ్గర పూర్వం కరణాలు, కిరాణా కొట్టు షావుకార్లు నేల మీద కూర్చునే, ముందు ఏటవాలు డెస్కు పెట్టుకుని రోజంతా లెక్కలు రాసేవారు. 1984లో కరణాల పదవులు రద్దయ్యాయి, ఆ డెస్కులు మూలపడ్డాయి. మనకు కావలసింది అదే. దానికి కుర్చీ అక్కర్లేదు, గదిలో ఎక్కువ చోటూ అక్కర్లేదు. పని అయ్యాక గోడకు నిలబెట్టవచ్చు. పిల్ల మఠం వేసుకుని కూర్చున్నప్పుడు మోచేయి ఎక్కడికి వస్తుందో అంత ఎత్తు ఉండాలి. మోకాళ్లు కిందకు దూరాలి. రాసేవైపు కొంచెం వాలుగా ఉండాలి. కింద జారకుండా అంచుకు సన్న బద్ద కొట్టాలి. రాజమండ్రి టింబరు డిపోల్లో మిగిలే ముక్కలతో వడ్రంగి పని తెలిసినవారు పూటలో చేయగలరు.

రెండోది, వెలుతురు. గది మధ్యలో బల్బు వెనకగా ఉంటే మన నీడే పుస్తకం మీద పడుతుంది. కుడిచేత్తో రాసేవారికి ఎడమవైపు నుంచి వెలుతురు రావాలి. పగలు గడప దగ్గర కూర్చునేటప్పుడు కూడా ఇది పాటించండి. రాత్రిపూట ఒక చిన్న ఛార్జింగు లైటు ఉంటే నాన్న నిద్ర చెడదు, చెల్లి చదువూ ఆగదు.

మూడోది, గోడ గూడు. రెండు మేకులు, ఒక చెక్క చాలు. సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవరులో చుట్టి అందులో పెట్టండి.

నాలుగోది, మంచం. ఇది వెంటనే అయ్యేది కాదు. కానీ వానాకాలం నాలుగు నెలలైనా చిన్నపిల్లలు నేల మీద పడుకోకుండా చూడమని ఇంట్లో చెప్పండి. మంచం ఒక్కటే ఉంటే దాని మీద ఎవరు పడుకోవాలో ఇంట్లో మాట్లాడుకోవచ్చు. కనీసం దోమతెర కట్టి అంచులు చాప కిందకు దోపండి.

ఐదోది, లెక్క. వచ్చే సెలవుల్లో మనలో ప్రతి ఒక్కరం మన పేటలో పది ఇళ్లకు వెళ్లి ఈ ప్రశ్నలు అడుగుదాం:

1. ఈ ఇంట్లో చదువుకునే పిల్లలు ఎందరు?
2. వారిలో మంచం మీద పడుకునేవారు ఎందరు?
3. రాసుకునేటప్పుడు ఎక్కడ కూర్చుంటారు?
4. పుస్తకం కింద ఏం పెట్టుకుంటారు?
5. రాత్రి ఎన్ని గంటల వరకు లైటు ఉంటుంది?
6. పుస్తకాలు ఎక్కడ పెడతారు?
7. వానకు, వరదకు పుస్తకాలు ఎప్పుడైనా తడిశాయా?
8. అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ చదువుకునే చోటులో తేడా ఉందా?

పేర్లు రాయవద్దు. చుట్టాల ముందు అడగవద్దు. అమ్మలు సిగ్గుపడతారు, కాబట్టి ముందు మన ఇంటి సంగతి చెప్పి తర్వాత అడగండి. ఇంటికి ఒక గీత కాదు, పిల్లకు ఒక గీత గీయండి. ఆ కాగితాలు తెచ్చి కలిపితే మన హాస్టల్ పిల్లలు వచ్చే ఊళ్ల నిజమైన లెక్క మన చేతిలో ఉంటుంది. అప్పుడు గ్రామసభలో గానీ, స్పందించే అధికారి దగ్గర గానీ "మా వాళ్లు పేదవాళ్లండి" అని దీనంగా అనక్కర్లేదు. "మా పేటలో ఇంతమంది చదువుకునే పిల్లలు, ఇంతమందికి రాసుకునే చోటు లేదు" అని కాగితం ముందు పెట్టవచ్చు.

చివరగా అన్నలకు ఒక మనవి. ప్రతి వార్షికోత్సవానికి శాలువాలు కప్పుకుంటాం, జ్ఞాపికలు ఇచ్చిపుచ్చుకుంటాం. ఆ జ్ఞాపికలు తర్వాత బీరువా పైన దుమ్ము పట్టి ఉంటాయి. ఈసారి నుంచి ఒక్కో శాలువాకు బదులు ఒక్కో రాత డెస్కు చేయిద్దాం. పది మంది అన్నలు వస్తే పది డెస్కులు. ఐటీఐ చేసిన అన్నలూ, వడ్రంగి పని తెలిసిన అన్నలూ మనలోనే ఉన్నారు. వారు ఒక ఆదివారం వస్తే తమ్ముళ్లు చేతిసాయం చేస్తారు. పదో తరగతి తమ్ముళ్లకు ముందు ఇద్దాం. సెలవులకు వెళ్లేటప్పుడు ట్రంకు పెట్టెతో పాటు ఆ డెస్కు కూడా ఇంటికి వెళ్లాలి. పదో తరగతి అయిపోయినా వెనక్కి తేనక్కర్లేదు. ఆ ఇంట్లో దాని మీద రాయాల్సిన చెల్లెలు ఇంకా ఉంటుంది.